ఫెస్టివల్ తెర మీద లమ్తపుట్ రంగులు: షార్ట్ ఫిల్మ్ కలర్ గ్రేడింగ్ సమీక్ష

చిత్రీకరించిన దృశ్యాల్లో వెలుగునీడల్ని, రంగుల్ని సరిచేసి, షాటుకూ షాటుకూ పొంతన కుదిర్చి, సినిమా మొత్తానికి ఒక రూపు తేవడమే కలర్ గ్రేడింగ్. తెలుగు సినిమా వాళ్లు డీఐ అని పిలిచే పని ఇదే. పెద్ద చిత్రాలకు ఇది స్టూడియోలో, ప్రొజెక్టరు ముందు, చెయ్యి తిరిగిన కలరిస్టు దగ్గర జరుగుతుంది. షార్ట్ ఫిల్మ్‌కు మాత్రం చాలాసార్లు దర్శకుడో ఎడిటరో ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కానిచ్చేస్తారు. యూట్యూబ్‌లో పెట్టే సినిమాకు దానితో పెద్ద చిక్కు లేదు. పని చేసిన తెర, జనం చూసే తెర దాదాపు ఒకే రకానివి. అదే సినిమా ఫెస్టివల్‌కు ఎంపికై చీకటి హాలులో పెద్ద తెర మీద పడేసరికి లెక్క మారిపోతుంది. ముఖాలు నల్లగా మునిగిపోతాయి, రాత్రి సన్నివేశాలు ముద్ద కడతాయి, పొగమంచులో చారలు తేలతాయి. అంతకుముందు ఎవరికీ కనబడని తప్పులన్నీ అక్కడ ఒక్కసారిగా బయటపడతాయి.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ముందే ఎలా పట్టుకోవాలో చూడటానికి ఒడిశాలోని కోరాపుట్ జిల్లా లమ్తపుట్ ప్రాంతం గట్టి పరీక్ష పెడుతుంది. ఎర్రమట్టి దారులు, వానాకాలపు పచ్చదనం, చలికాలపు మంచు, కిటికీల్లేని ఇళ్లలో పొయ్యి వెలుగు, నల్లని మేనిఛాయలు: గ్రేడింగ్‌లో కష్టమైనవన్నీ ఇక్కడ ఒక్కచోటే ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, డుడుమ జలపాతం ఈ చుట్టుపక్కలే. గదబలు, పరజలు, కొంచెం అవతల బోండాలు ఉండే కొండలివి. తెలుగువాళ్లకు ఇవి పరాయి కొండలు కావు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకు కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. జయపురం, రాయగడ, గుణుపురం పట్టణాల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. 2025 మార్చిలో ఎస్.ఎస్. రాజమౌళి, మహేశ్‌బాబు చిత్రం షూటింగ్ ఇదే జిల్లాలోని సెమిలిగుడ, దేవమాలి పరిసరాల్లో జరిగింది. అంత పెద్ద బృందానికి ఉండే వసతులు షార్ట్ ఫిల్మ్‌కు ఉండవు. కానీ కొండ మీద పడే ఎండ, తెర మీద పడే వెలుగు ఇద్దరికీ ఒకటే.

ల్యాబ్ నుంచి ల్యాప్‌టాప్ దాకా

ఫిలిం రోజుల్లో గ్రేడింగ్ ల్యాబ్‌లో జరిగేది. నెగెటివ్ నుంచి ప్రింటు తీసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని పాయింట్ల లెక్కన పెంచడమో తగ్గించడమో చేసేవారు. ఒక్కో రంగుకు యాభై పాయింట్ల పరిధి. ఆ మార్పు ఫ్రేము మొత్తానికి వర్తించేది. ఆకాశాన్ని ముట్టుకోకుండా ముఖాన్ని వెలిగించడం, ఆకులు వదిలేసి మట్టిని ముదురు చేయడం కుదిరేది కాదు. తొలి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రం ‘లవకుశ’ 1963లో వచ్చిన నాటి నుంచి నాలుగు దశాబ్దాల పాటు తెలుగు సినిమా రంగులు ఈ పద్ధతిలోనే తేలాయి. అందుకే ఆ తరం ఛాయాగ్రాహకులు చేయాల్సిందంతా షూటింగ్ దగ్గరే, దీపాలతో, ఫిల్టర్లతో చేసేసేవారు.

2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ చిత్రంతో పరిస్థితి మారింది. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ మిసిసిపీ వేసవిలోని నిండు పచ్చదనాన్ని కంప్యూటర్‌లో ఎండిన గడ్డి రంగుకు మార్చి, సినిమా అంతటినీ డిజిటల్‌గా గ్రేడ్ చేయించారు. రంగును షూటింగ్ తర్వాత కూడా తేల్చుకోవచ్చని పరిశ్రమ మొత్తానికి తెలిసింది అప్పుడే. డిజిటల్ గ్రేడింగ్ యంత్రాలు మొదట్లో పెద్ద స్టూడియోలకు తప్ప అందేవి కావు. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ గ్రేడింగ్ యంత్రాల కంపెనీ డావిన్చీని కొని, ఆ తర్వాత రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా కూడా విడుదల చేయడంతో అదే పనిముట్టు కాలేజీ కుర్రాళ్ల చేతికి వచ్చింది. పనిముట్టు వచ్చినంత వేగంగా పనితనం రాలేదు. ఇవాళ్టి షార్ట్ ఫిల్మ్‌ల గ్రేడింగ్‌లో కనబడే లోపాల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్‌వి కావు. ఏ తెర కోసం పని చేస్తున్నామో తెలియకపోవడం వల్ల వచ్చినవి.

హాలులో వెలుగు ఎంత?

డిజిటల్ సినిమా ప్రదర్శనకు ప్రమాణాలను హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2002లో ఏర్పాటు చేసుకున్న డీసీఐ సంస్థ రూపొందించింది. తొలి ప్రమాణపత్రం 2005 జులైలో వెలువడింది. దాని ప్రకారం థియేటర్ తెర మీద అతి తెల్లని చోట వెలుగు 48 నిట్లు (తెర వెలుగుకు కొలత నిట్). టీవీ కోసం గ్రేడ్ చేసే మానిటర్‌ను 100 నిట్లకు అమరుస్తారు. మామూలు ల్యాప్‌టాప్ తెర 300 నిట్ల దాకా ఇస్తుంది, ఇప్పటి ఫోన్లు అంతకు ఎన్నో రెట్లు. అంటే ఫోన్‌లో చూసి బాగుందనుకున్న బొమ్మ హాలులో దానికి పదో వంతు వెలుగుతో కూడా కనబడకపోవచ్చు.

48 నిట్లు అంటే బొమ్మ చీకటిగా ఉంటుందని కాదు. చుట్టూ చీకటి ఉన్నప్పుడు కన్ను ఆ తెల్లదనాన్నే కొలమానంగా తీసుకుంటుంది, అది నిండు తెలుపుగానే తోస్తుంది. చిక్కంతా నడిమి, కింది ఛాయల్లో వస్తుంది. చుట్టూ చీకటి కమ్మినప్పుడు బొమ్మలోని కాంట్రాస్టు కంటికి తగ్గినట్టు అనిపిస్తుంది. అందుకే నడిమి ఛాయల వెలుగును నిర్ణయించే గామా విలువను సినిమా హాలుకు 2.6గా, మసక గదిలో టీవీకి 2.4గా, వెలుతురున్న గదిలో కంప్యూటర్‌కు సుమారు 2.2గా నిర్ణయించారు. వెలుగు తగ్గేకొద్దీ రంగుల గాఢత కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో కొట్టొచ్చినట్టున్న ఎరుపు హాలులో నీరసించడానికి సగం కారణం ఇదే. పట్టపగలు కిటికీ తెరిచి పెట్టుకుని గ్రేడ్ చేసిన సినిమా ఫెస్టివల్‌లో గాడి తప్పకపోతే అది అదృష్టమే.

రంగుల పరిధిలోనూ తేడా ఉంది. టీవీ, వెబ్ బొమ్మలకు వాడే రెక్ 709 పరిధి కంటే థియేటర్ ప్రొజెక్టరు చూపగల పీ3 పరిధి పెద్దది. ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చల వైపు ఎక్కువ చోటు ఉంటుంది. లమ్తపుట్ దారుల ఎర్రమట్టికి, శ్రావణంలో తడిసిన ఆకులకు ఆ అదనపు చోటు పనికొస్తుంది. వాడుకోవడం తప్పనిసరి కాదు. రెక్ 709లో నికరంగా చేసిన పనిని పద్ధతి ప్రకారం మారిస్తే హాలులో చక్కగానే నిలుస్తుంది. సరిగా అమర్చని పీ3 మానిటర్ మీద చేసిన పని కంటే అదే నయం.

ఫెస్టివల్ హాలుకు దానివే లక్షణాలు కొన్ని ఉన్నాయి. షార్ట్ ఫిల్మ్‌లను ఒక్కొక్కటిగా కాకుండా ఐదారు కలిపి ఒక ప్యాకేజీగా వేస్తారు. 1990లో మొదలైన ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవంలోనూ, 2008 నుంచి కేరళ చలచిత్ర అకాడమీ తిరువనంతపురంలో నడుపుతున్న డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవంలోనూ ప్రేక్షకుడు ఒక సినిమా వెలుగు కళ్లలో ఉండగానే తర్వాతి సినిమాలోకి వస్తాడు. ముందున్నది మంచుకొండల సినిమా అయితే, ఆ వెంటనే చీకటి గుడిసెతో మొదలయ్యే సినిమాలో తొలి షాటు కంటికి ఆనదు. ఏ సినిమాకు తగ్గట్టు ఆ సినిమాకు ప్రొజెక్టరును మార్చేవారు ఎవరూ ఉండరు. మొదట్లో కొన్ని క్షణాలు నలుపు ఉంచడం, తొలి చీకటి షాటును ఒక మెట్టు తేలిక చేయడం చిన్న జాగ్రత్తలే గాని బాగా పనికొస్తాయి. దీనికి తోడు ప్రొజెక్టరు దీపం పాతబడితే తెలుపు 48 నిట్ల కంటే చాలా దిగువకు పడుతుంది. త్రీడీ కోసం వేసిన వెండి తెర మధ్యలో మెరిసి అంచుల్లో మసకబారుతుంది. తలుపు మీది దీపం వెలుగు కూడా తెర మీదికి చేరుతుంది. ప్రమాణాల పుస్తకంలో ఉండే నలుపు ఏ హాలులోనూ దొరకదు. కథకు ప్రాణమైన విషయాన్ని నలుపుకు ఆనుకుని దాచిపెట్టకూడదనడానికి ఇదే కారణం.

కొండ మీది వెలుతురు, కెమెరాలోని బొమ్మ

గ్రేడింగ్ ఎంత బాగా కుదురుతుందో సగం షూటింగ్ రోజే తేలిపోతుంది. కెమెరా 8 బిట్లలో రాస్తే ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్లలో రాస్తే 1024. లమ్తపుట్ చలికాలపు ఉదయం కొండల మీద పరుచుకునే మంచు ఈ తేడాను నిర్దాక్షిణ్యంగా బయటపెడుతుంది. మంచులో తెలుపు నుంచి బూడిద రంగుకు మార్పు అతి నెమ్మదిగా సాగుతుంది. మెట్లు చాలకపోతే ఆ మార్పు పెద్ద తెర మీద చారలు చారలుగా విడిపోతుంది. ఫోన్‌లో చూస్తే ఆ చారలు కనబడవు. కాంట్రాస్టు తగ్గించి రాసే లాగ్ పద్ధతిలో, 8 బిట్లలో తీసిన ఫుటేజీకి ఈ జబ్బు మరీ ఎక్కువ, ఎందుకంటే గ్రేడింగ్‌లో కాంట్రాస్టు పెంచినప్పుడు మెట్ల మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది. 10 బిట్ల కెమెరా దొరకనప్పుడు లాగ్ మానేసి, కావలసిన రూపుకు దగ్గరగానే చిత్రీకరించడం తెలివైన పని. చివర్లో సన్నని గ్రెయిన్ కలిపితే చారలు చాలావరకు కలిసిపోతాయి.

కెమెరా పరిమితి బయటపడే మరో చోటు గదబ స్త్రీల కేరంగ్ వస్త్రం. కేరంగ్ మొక్క నార తీసి, రంగులద్ది నేసే ఈ బట్ట మీద ఎరుపు, నీలం, తెలుపు చారలు అడ్డంగా సాగుతాయి. ఇప్పుడు నేసేవాళ్లు తగ్గిపోయారు. తెర మీదికి తెచ్చే అవకాశం వచ్చినప్పుడు ఆ చారల్ని పాడుచేయడం తప్పే అవుతుంది. చవక కెమెరాలు, ఫోన్లు చోటు ఆదా చేయడానికి వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని నాలుగో వంతుకు కుదిస్తాయి. ముఖం, ఆకాశం వంటి చోట్ల ఈ కోత తెలియదు. ఎరుపు పక్కనే నీలం సన్నని గీతలుగా ఉన్నచోట ఒకదాని రంగు ఇంకొకదానిలోకి కారుతుంది. దూరం నుంచి తీస్తే చారల మీద లేని అలలు కదులుతాయి. గ్రేడింగ్‌లో ఎరుపు గాఢత పెంచితే ఆ కారడం ఇంకా స్పష్టమవుతుంది. దీనికి మందు కెమెరా దగ్గరే ఉంది: బట్టను దగ్గరగా చూపే షాట్లు తీయడం, షార్ప్‌నెస్ తగ్గించడం, వీలైతే రంగు వివరాన్ని ఎక్కువ ఉంచే ఫార్మాట్‌లో రాయడం. గ్రేడింగ్ బల్ల దగ్గర చేయగలిగిందల్లా ఆ ఎరుపును అతిగా గుంజకుండా ఉండటమే.

వెలుతురు రంగు కూడా ఇక్కడ గంట గంటకూ మారుతుంది. మబ్బు పట్టిన ఆకాశం కింద వెలుగు 6500 కెల్విన్ దాటి నీలంగా ఉంటుంది, చెట్టు నీడలో ఇంకా నీలం. పొయ్యి మంట 2000 కెల్విన్ దగ్గర, ఎరుపు పసుపు. ఇంట్లో వేలాడే చవక ఎల్‌ఈడీ బల్బులో ఆకుపచ్చ కలిసి ఉంటుంది. గడపలో కూర్చున్న మనిషి ముఖం మీద ఒకవైపు మబ్బు వెలుగు, మరోవైపు మంట వెలుగు పడితే రెండింటినీ తెలుపు చేయడం కుదరదు, చేయకూడదు కూడా. ఆ తేడాయే ఆ ఇంటి లోపలనీ బయటనీ చెబుతుంది. సరిచేయాల్సింది ఎల్‌ఈడీ ఆకుపచ్చ ఒక్కటే. అది ముఖానికి రోగిష్టి రంగు ఇస్తుంది తప్ప కథకు ఏమీ చేయదు.

పని వరస

ఎడిటింగ్ ఖాయమయ్యాకే గ్రేడింగ్ మొదలుపెట్టాలి. ముందు అన్ని షాట్లనూ ఒకే రంగుల పద్ధతిలోకి తెచ్చుకోవాలి. వేర్వేరు కెమెరాలు, డ్రోన్, ఫోన్ కలిపి తీసినప్పుడు ఇది మరీ అవసరం. 2014లో అమెరికన్ మోషన్ పిక్చర్ అకాడమీ విడుదల చేసిన ఏసెస్ పద్ధతి ఇందుకు ఒక దారి, రిజాల్వ్ సొంత కలర్ మేనేజ్‌మెంట్ ఇంకొకటి. తర్వాత ఒక్కో సన్నివేశంలో ఒక షాటును ఎంచుకుని దాన్ని సరిచేసి, మిగతావాటిని దానికి సరిపోల్చాలి. ఆ తర్వాతే ముఖం, ఆకాశం వంటి భాగాల మీద విడిగా పని చేయాలి. సినిమా మొత్తానికి ఇవ్వాలనుకున్న రూపు చివర వస్తుంది. తొందరపడి ముందే ఏదో ఒక లట్ (రెడీమేడ్ రంగుల మార్పిడి పట్టిక) వేసి దాని కింద మిగతా పనంతా చేసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే షాట్ల మధ్య తేడాలు ఆ రంగు కింద దాక్కుంటాయి, పెద్ద తెర మీద మళ్లీ లేస్తాయి.

పెద్ద స్టూడియో అందుబాటులో లేనివాళ్లకు కనీస ఏర్పాటు ఇది: ప్రోబ్‌తో కొలిచి 100 నిట్లకు, 2.4 గామాకు అమర్చిన మానిటర్, మసక గది, మానిటర్ వెనుక గోడ మీద పడే సన్నని తటస్థ వెలుగు. కన్ను గంటలో అలసిపోయి తప్పు రంగుకే అలవాటు పడుతుంది. అప్పుడు నమ్మాల్సింది వెలుగును కొలిచి చూపే వేవ్‌ఫామ్, రంగును కొలిచి చూపే వెక్టర్‌స్కోప్‌లనే. అవి అలవాటు పడవు.

మేనిఛాయ

ఈ వ్యాసం అన్నింటికంటే గట్టిగా చెప్పదలచింది ఇక్కడే ఉంది. మనుషుల చర్మం ఎంత తెలుపైనా ఎంత నలుపైనా వెక్టర్‌స్కోప్ మీద దాదాపు ఒకే గీత దగ్గర, ఎరుపుకూ పసుపుకూ మధ్య పడుతుంది. తేడా వెలుగులో, గాఢతలో ఉంటుంది. తెల్లని ముఖం వేవ్‌ఫామ్ మీద 60, 70 శాతం దగ్గర కనిపిస్తే, నల్లని ముఖం సరైన ఎక్స్‌పోజర్‌లోనే 25, 40 శాతం మధ్య కూర్చుంటుంది. పాఠాల్లో చెప్పే 60, 70 శాతం లెక్కను చూసి గదబ, బోండా, పరజ ముఖాల్ని అక్కడికి లాగితే రెండు నష్టాలు. ఒకటి, నీడల్లోని నాయిస్ పైకి తేలుతుంది. రెండోది ఇంకా పెద్దది: ఆ మనిషి ఆ మనిషిగా మిగలడు.

ఈ పొరపాటుకు పాత చరిత్రే ఉంది. కొడాక్ కంపెనీ ల్యాబ్‌లకు పంపే రంగుల సరిచూపు కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మ మాత్రమే ఉండేది. ప్రింటులో ఆమె ముఖం బాగుంటే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క. వేర్వేరు మేనిఛాయల మనుషులున్న కార్డులు 1990లలో గాని రాలేదు. మన దగ్గర ఆ కార్డు అవసరం కూడా లేకపోయింది. హీరోయిన్‌ను తెల్లగా చూపాలన్న పట్టుదల మేకప్‌తో మొదలై డీఐ దాకా వచ్చింది. అదే అలవాటు షార్ట్ ఫిల్మ్‌లోకీ పాకి, కొండ మీద ఎండలో పని చేసే స్త్రీ ముఖం మాత్రం ఎండ తగలనట్టు తేలుతోంది.

దీనికి ఎదురు ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. బి. నర్సింగరావు 1988 చిత్రం ‘దాసి’ గడీ లోపలి మసక వెలుతురులో చామనఛాయ ముఖాన్ని కథకు కేంద్రంగా నిలిపింది. ఆ చిత్రానికి జాతీయ ఉత్తమ ఛాయాగ్రాహకుడి అవార్డు అందుకున్న అపూర్వ కిశోర్ బీర్ ఒడిశా మనిషి. ఉత్తమ నటి అవార్డు అర్చనకు వచ్చింది. గ్రేడింగ్ పరంగా ఇటీవలి పాఠం అమెరికా చిత్రం ‘మూన్‌లైట్’. 2016లో వచ్చిన ఈ సినిమాలో నల్లజాతి ముఖాల్ని తేలిక చేయకుండా, వాటి మీది మెరుపును పెంచి, నీడల్ని లోతుగా ఉంచారు. మూడు భాగాలకు మూడు వేర్వేరు ఫిలింల స్వభావాన్ని డిజిటల్‌గా ఇచ్చారు.

నల్లని చర్మానికి ప్రాణం దాని మీద పడి మెరిసే వెలుగులో ఉంటుంది. పొయ్యి ముందు కూర్చున్న వృద్ధురాలి షాటునే ఉదాహరణగా తీసుకోవచ్చు. మెడలో లోహపు కడియాలు, బుగ్గ ఎముక మీద, ముక్కు పక్కన మంట మెరుపు, మిగతా ముఖం చీకట్లో కలిసీ కలవకుండా. ఇక్కడ ముఖం మొత్తాన్ని పైకి ఎత్తితే మంట దగ్గర ఉన్నట్టే తోచదు. చేయాల్సింది, నీడను అలాగే ఉంచి బుగ్గ మీది మెరుపును మాత్రం కొద్దిగా పెంచడం, కడియాల మీది తెలుపును వివరం పోకుండా దించడం, నీడల్లో చేరిన నీలాన్ని తీసేసి ఎరుపు గోధుమ ఛాయను నిలపడం. కళ్లలో మంట ప్రతిబింబం కనబడితే చాలు, ఆ ముఖం హాలు చివరి వరస దాకా చేరుతుంది. 48 నిట్ల తెర మీద ఈ షాటు బతకడానికి నీడ ముఖం నలుపుకు అంటకుండా రెండు మూడు శాతం పైన ఉండాలి. ఆ రెండు మూడు శాతాన్ని హాలులో తప్ప ల్యాప్‌టాప్‌లో తేల్చడం కష్టం.

మట్టి, ఆకు, పువ్వు

2000లో వచ్చిన ‘ట్రాఫిక్’ చిత్రం మెక్సికో దృశ్యాలకు పొగాకు పసుపు ఫిల్టర్ వేసింది. అప్పటి నుంచి పేద దేశాలను, పేద ఊళ్లను దుమ్ము పసుపులో ముంచడం ప్రపంచమంతటా రివాజైంది. గిరిజన గ్రామం అనగానే మన షార్ట్ ఫిల్మ్‌లూ ఆ రంగే ఎంచుకుంటున్నాయి. కోరాపుట్ కొండలకు అది అబద్ధం. ఏడాదిలో చాలా నెలలు అక్కడ నీలం, ఆకుపచ్చ, బూడిద రంగులదే రాజ్యం. వానలు వెళ్లిపోయాక మెట్టచేలలో వలిసెపూలు పూస్తాయి, చోడి చేలు పండుతాయి. సినిమా అంతా పసుపు పూస్తే నిజమైన వలిసె పసుపు వచ్చినప్పుడు దానికి చోటు ఉండదు. ఆ పువ్వు మెరవాలంటే అప్పటిదాకా పసుపును దాచి ఉంచాలి.

ఆకుపచ్చ గ్రేడింగ్‌లో మోసకారి రంగు. డిజిటల్ కెమెరాలు ఆకుల్ని చాలాసార్లు పసుపు వైపు లాగి, ప్లాస్టిక్‌లా చూపిస్తాయి. గాఢత తగ్గించి, రంగును నీలం వైపు కొంచెం జరిపి, వెలుగు దించితే వానాకాలపు అడవి తడి తెలుస్తుంది. ఎర్రమట్టి మీద పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మట్టి రంగు, చర్మం రంగు వెక్టర్‌స్కోప్ మీద దగ్గర దగ్గరగా పడతాయి. మట్టిని రంగు ఆధారంగా ఎంపిక చేసి ఎర్రబరిస్తే కాళ్లు, చేతులు కూడా ఎర్రబడతాయి. ముఖాలకు విడిగా మాస్కు వేసి కాపాడుకోకపోతే హాలులో వెంటనే పట్టుబడిపోతుంది.

రాత్రి, సబ్‌టైటిల్

రాత్రి దృశ్యాన్ని నీలం చేయడం పాత అలవాటు. కరెంటు దీపాలు దూరమైన కొండ ఊరిలో వెన్నెల రాత్రికి నిజానికి రంగే ఉండదు, మసక వెలుగులో కన్ను రంగుల్ని పోల్చుకోలేదు. కాబట్టి గాఢత తగ్గించి, నీలం స్పర్శ కొద్దిగా ఇచ్చి, ఒక చిన్న వెచ్చని వెలుగును, అది బీడీ నిప్పు కావచ్చు, దూరపు పొయ్యి కావచ్చు, ఉంచితే రాత్రి నమ్మకంగా వస్తుంది. మొత్తం ఫ్రేము కిందికి నొక్కేస్తే పెద్ద తెర మీద మిగిలేది నాయిస్.

చాలామంది పట్టించుకోని విషయం సబ్‌టైటిల్. దేశియాలో, గదబల గుటోబ్ భాషలో, తెలుగులో మాటలున్న సినిమాకు ఫెస్టివల్‌లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్ తప్పదు. అది పూర్తి తెలుపులో ఉంటే, గుడిసె లోపలి చీకటి షాటులో తెర మీద అన్నింటికంటే వెలిగేది అదే అవుతుంది. కన్ను దానికే సర్దుకుని, ముఖం ఇంకా చీకటిగా కనిపిస్తుంది. గంటల తరబడి నీడల్లో చేసిన సూక్ష్మమైన పని ఒక్క వాక్యం తెలుపుతో పోతుంది. సబ్‌టైటిల్‌ను లేత బూడిద రంగులోకి, 75, 80 శాతం వెలుగుకు దించితే చదవడానికి ఇబ్బంది ఉండదు, ముఖం మిగులుతుంది. గ్రేడింగ్ మొత్తాన్నీ ఒకసారి సబ్‌టైటిల్ పెట్టుకుని చూడాలి.

డీసీపీ దగ్గర జరిగే తప్పులు

ఫెస్టివల్‌కు పంపే డిజిటల్ సినిమా ప్యాకేజీ (డీసీపీ)లో ఒక్కో ఫ్రేము జేపెగ్ 2000గా, 12 బిట్లలో, ఎక్స్‌వైజెడ్ అనే రంగుల లెక్కలో నిల్వ అవుతుంది. సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు. డీసీపీ-ఓ-మాటిక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే తయారుచేయవచ్చు. తప్పులు మార్పిడి దగ్గర వస్తాయి. మూల ఫైలు రెక్ 709లో ఉంటే ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు సరిగా చెప్పాలి. టీవీ ప్రమాణమైన డీ65 తెలుపు మీద గ్రేడ్ చేసిన బొమ్మను డీసీఐ తెలుపు మీద చేసినట్టు చెబితే సినిమా అంతా పచ్చగా పాలిపోతుంది. వీడియో లెవెల్స్, ఫుల్ లెవెల్స్ తారుమారైతే నలుపు బూడిదగా తేలుతుంది, లేదా నీడలు మూసుకుపోతాయి. నల్లని ముఖాల సినిమాకు ఈ రెండో తప్పు ప్రాణాంతకం.

ఆకారం కూడా ముందే తేల్చుకోవాలి. ఫ్లాట్‌కు 1998×1080, స్కోప్‌కు 2048×858. మామూలు 1920×1080 బొమ్మను ఫ్లాట్‌లో పెడితే పక్కల సన్నని నల్లని పట్టీలు వస్తాయి. దాన్ని సాగదీయడం కంటే అలా ఉండనివ్వడమే మేలు. సెకనుకు 24 ఫ్రేములతో చిత్రీకరించడం క్షేమం. 25 ఫ్రేముల డీసీపీ కొన్ని పాత సర్వర్ల మీద నడవదు.

కొన్ని ఉత్సవాలు డీసీపీ అడగవు, వీడియో ఫైలునే ల్యాప్‌టాప్ నుంచి వేస్తాయి. అప్పుడు రెక్ 709 ఫైలు విడిగా ఉండాలి. థియేటర్‌కు చేసిన గ్రేడ్‌నే దానికి వాడకుండా, నీడల్ని సరిచూసి రెండో రూపం తీసుకోవాలి.

ఇవన్నీ చేశాక ఒక్క పరీక్ష ప్రదర్శన మిగిలిన అన్ని సలహాల కంటే విలువైనది. జయపురం, రాయగడ, విశాఖపట్నాల్లో ఉదయం ఆట మొదలవకముందు హాలు ఖాళీగా ఉంటుంది. యజమానిని అడిగి పది నిమిషాలు డీసీపీ వేయించుకోవచ్చు. అప్పుడు చూడాల్సింది సినిమా మొత్తం కాదు: అతి చీకటి షాటు, అతి వెలుగు షాటు, దగ్గరి ముఖం, మంచు, సబ్‌టైటిల్. మధ్య వరసలోనూ వెనుక వరసలోనూ కూర్చుని చూడాలి.

దాచి ఉంచాల్సినవి

గ్రేడింగ్ ముగిశాక మూల ఫుటేజీ, ప్రాజెక్టు ఫైలు, గ్రేడ్ చేసిన మాస్టరు, ముఖ్యమైన షాట్ల స్టిల్స్, ఏ మానిటర్ మీద ఏ అమరికతో చేశారో రాసిన కాగితం రెండు చోట్ల భద్రపరచాలి. నీరద్ మహాపాత్ర 1984లో తీసిన ఒడియా చిత్రం ‘మాయా మిరిగ’ 16 ఎంఎం నెగెటివ్ చెన్నైలోని ఒక గోదాములో పాడైపోతూ దొరికింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరించాక 2024లో ఇటలీలోని బొలోన్యాలో మళ్లీ తెరకెక్కింది. పాడైన నెగెటివ్‌లో అసలు రంగు ఏదో తేల్చడం పునరుద్ధరణలో కష్టమైన పని. డిజిటల్ షార్ట్ ఫిల్మ్‌కు ఆ కష్టం రానక్కరలేదు, ఒక హార్డ్ డిస్క్, ఒక కాగితం చాలు. అయినా ఎక్కువమంది యూట్యూబ్ ఫైలు తప్ప ఏమీ మిగుల్చుకోవడం లేదు.

హెచ్‌డీఆర్ తెరలు, లేజర్ ప్రొజెక్టర్లు వస్తున్నాయి, 48 నిట్ల లెక్క కొన్ని హాళ్లలో మారుతుంది. లేజర్ వెలుగులో ఒకే రంగు ఇద్దరు మనుషులకు కొద్దిగా తేడాగా కనిపించవచ్చన్న చిక్కు ఇంకా పూర్తిగా తీరలేదు. ఒక్క క్లిక్కుతో ముఖాల్ని గుర్తించి రంగులు సరిచేసే పనిముట్లు కూడా వచ్చాయి. నల్లని ముఖాన్ని అవి ఎటు లాగుతున్నాయో ప్రతిసారీ వేవ్‌ఫామ్ మీద చూసుకోవాలి. లమ్తపుట్‌లోనో అరకులోనో కెమెరా పట్టుకున్న యువ దర్శకులు బడ్జెట్‌లో చివరి రూపాయిని డ్రోన్ అద్దెకు పెట్టకుండా, అమర్చిన మానిటర్‌కూ పది నిమిషాల హాలు పరీక్షకూ ఉంచుకోవాలి.